కుర్చీలో ఆయన, బోనులో ఆమె

పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ మాట ఎత్తితే చాలు, నలుగురు చదువుకున్న మగవాళ్లు కూర్చున్న చోట ఒక చిరునవ్వు మొలుస్తుంది. "ఏముందండీ, గెలిచేది ఆవిడ, ఏలేది ఆయన" అని ఒకరు అందుకుంటారు. మిగతా ముగ్గురూ తమ తమ ఊళ్ల నుంచి తలా ఒక ఉదాహరణ తెస్తారు. ఫ్లెక్సీలో నిలువెత్తున భర్త, మూలన స్టాంపు సైజులో భార్య. మండల సర్వసభ్య సమావేశంలో సర్పంచ్ పేరు రాసిన కుర్చీలో ఆయన. పత్రిక జిల్లా పేజీలో "సర్పంచ్ భర్త ఫలానా తదితరులు పాల్గొన్నారు" అన్న వార్త. ఈ ఉదాహరణల్లో అబద్ధం లేదు. వాటి మీద కట్టే తీర్పులోనే ఉంది తిరకాసు: కాబట్టి ఈ రిజర్వేషన్ వల్ల ఒరిగిందేమీ లేదు, పనితెలియని ఆడవాళ్లను పట్టుకొచ్చి కూర్చోబెడితే ఇంతే అవుతుంది, అని.

ఈ తీర్పు చెప్పేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఆడవాళ్ల పక్షాన మాట్లాడుతున్నట్టే వినిపిస్తూ ఆడవాళ్లకు దక్కిన సీటును తప్పుపట్టవచ్చు. "స్త్రీలకు నిజమైన అధికారం రావాలి గానీ ఈ నాటకం ఎందుకు" అంటారు. ఆ నిజమైన అధికారం ఏ దారిన వస్తుందో, ఎప్పటికి వస్తుందో అడిగితే మాత్రం మాట మారుస్తారు. హిందీ 'పంచాయత్' సిరీస్‌ను, 2025లో వచ్చిన దాని తెలుగు రూపం 'సివరపల్లి'ని చూసి మనమంతా నవ్వుకున్నాం. నేనూ నవ్వాను, నవ్వదగ్గ సంగతే. అయితే ఇంటి సోఫాలో కూర్చుని నవ్వుకున్న నవ్వును పట్టుకుని 14 లక్షల మంది మహిళా ప్రజాప్రతినిధుల గురించి తీర్పు రాసెయ్యడం వేరే సంగతి. దేశంలోని పంచాయతీరాజ్ సంస్థల్లో ఎన్నికైన స్త్రీల సంఖ్య అటూఇటూగా అంత ఉంటుంది. మొత్తం సభ్యుల్లో సగానికి కాస్త తక్కువ.

ముందు వాళ్ల బలమైన సాక్ష్యాన్నే తీసుకుందాం. 2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా గ్రామంలో ఆరుగురు మహిళలు వార్డు సభ్యులుగా గెలిచారు. ప్రమాణస్వీకారం రోజున వాళ్ల బదులు వాళ్ల భర్తలు నిలబడి ప్రమాణం చేశారు. వీడియో దేశమంతా తిరిగింది, దేశమంతా నవ్వింది. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ ప్రమాణం చేయించింది ఎవరు? జీతం తీసుకుని, చట్టం తెలిసి, గెలిచినవాళ్ల జాబితా చేతిలో పెట్టుకున్న పంచాయతీ కార్యదర్శి. తర్వాత అతన్ని సస్పెండ్ చేశారు. అంటే ఆ రోజు అక్కడ తప్పు చేసినవాళ్లు ఏడుగురు: ఆరుగురు భర్తలు, ఒక ఉద్యోగి. ఏడుగురూ మగవాళ్లే. ఆ వీడియో చూసిన జనం మాత్రం "చూశారా, ఆడవాళ్లకు పదవులిస్తే ఇలా ఉంటుంది" అన్నారు. దొంగతనం జరిగితే సొత్తు పోగొట్టుకున్నవాళ్లనే జైల్లో పెట్టే న్యాయం ఇది.

సరే, తప్పెవరిదైనా ఫలితం ఒకటే కదా, పెత్తనం భర్తదే అయినప్పుడు సీటు ఆడవాళ్లకు ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా ఏముంది, అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీన్ని ఊహల మీద కాకుండా లెక్కల మీద తేల్చే అవకాశం మన దేశంలోనే దొరికింది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో ఏ పంచాయతీ అధ్యక్ష పదవి మహిళకు వెళ్లాలన్నది దాదాపు లాటరీ పద్ధతిలో తేలింది. అందువల్ల రిజర్వయిన ఊరికీ కాని ఊరికీ ముందు నుంచీ పెద్ద తేడాలు లేవు. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో బెంగాల్‌లోని బీర్‌భూం, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల్లో ఊరూరా పనులు లెక్కగట్టి 2004లో ఫలితాలు ప్రచురించారు. డుఫ్లోకు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

బీర్‌భూంలో ఆడవాళ్లు పంచాయతీకి వెళ్లి ఎక్కువగా మొరపెట్టుకునేవి తాగునీరు, రోడ్లు. మహిళా ప్రధాన్ (పంచాయతీ అధ్యక్షురాలు) ఉన్న చోట ఆ రెంటి మీదా ఎక్కువ పని జరిగింది. ఉదయ్‌పూర్‌లో ఆడవాళ్ల మొర నీళ్ల గురించి, మగవాళ్ల మొర రోడ్ల గురించి. అక్కడ మహిళ ఉన్న పంచాయతీలు నీళ్ల మీద ఎక్కువ, రోడ్ల మీద తక్కువ పెట్టాయి. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఈ మహిళలు ఏరి కోరి తెచ్చిన వీరవనితలు కారు. మగ ప్రధాన్‌ల కంటే చదువు తక్కువ, రాజకీయ అనుభవం తక్కువ. చాలామంది భర్తల సాయం మీద నడిచినవాళ్లు. మన నలుగురు పెద్దమనుషుల భాషలో డమ్మీలు.

భర్తే అన్నీ నిర్ణయిస్తుంటే ఆ భర్త ఏలే ఊరికీ, పక్క ఊళ్లో స్వయంగా గెలిచి ఏలే మగవాడి ఊరికీ పనుల్లో తేడా రాకూడదు. వచ్చింది. అంటే కార్యాలయంలో ఆయన కూర్చున్నా ఇంట్లోనో, బోరింగు దగ్గరో, వీధిలోనో ఆమె మాట ఎంతో కొంత లోపలికి వెళ్తోంది. ఊళ్లో ఆడవాళ్లు మగ సర్పంచ్ గుమ్మం ఎక్కడానికి జంకుతారు, మహిళా సర్పంచ్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు అనడానికి జంకరు. కుళాయి రాలేదన్న మాట ఆయన చెవిన పడే లోపు ఆమె చెవిన పడుతుంది.

అదే బీర్‌భూంలో తర్వాత మరో పరిశోధన జరిగింది. లోరీ బీమన్, డుఫ్లో, రోహిణి పాండే, పెతియా తొపలోవా అనే నలుగురు స్త్రీలు చటోపాధ్యాయతో కలిసి చేశారు. ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి ఊళ్లలో వినిపించారు. ఎన్నడూ మహిళా ప్రధాన్‌ను చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. మాట అదే, గొంతే వేరు. రిజర్వేషన్ వల్ల మహిళను పదవిలో చూసిన ఊళ్లలో ఈ తక్కువ చూపు చాలావరకు పోయింది. చిత్రమేమిటంటే, ఆడ నాయకురాలు అంటే ఇష్టమా అని అడిగితే అక్కడి మగవాళ్ల జవాబు పెద్దగా మారలేదు. ఇష్టం రాలేదు, కానీ చేతకాదనే నమ్మకం సడలింది. నాకు ఈ ఫలితంలో నచ్చింది ఈ మొండితనమే. ఇష్టపడమని ఎవరినీ చట్టం బతిమాలక్కర్లేదు. వరుసగా రెండు విడతలు రిజర్వయిన చోట్ల, తర్వాత సీటు అందరికీ తెరిచినప్పుడు కూడా ఎక్కువ మంది స్త్రీలు పోటీ చేసి గెలిచారు. ఆ నలుగురు స్త్రీలు 2012లో వెలువరించిన వ్యాసంలో ఇంకో సంగతి తేలింది. అలాంటి ఊళ్లలో ఆడపిల్లల చదువుకూ మగపిల్లల చదువుకూ మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది. డమ్మీ అనుకున్న మనిషిని చూసి పక్కింటి అమ్మాయి బడి మానలేదు!

పైరాష్ట్రాల ముచ్చట మనకెందుకంటే, మన కర్నూలు జిల్లాకు వెళ్దాం. ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామంలో 1990ల మధ్యలో ఫాతిమాబీ సర్పంచ్ అయ్యారు. సాధారణ ముస్లిం కుటుంబపు గృహిణి. రిజర్వేషన్ లేకుంటే ఆ పదవికి ఆమె పేరు ఏ పార్టీ నాయకుడి నోటా వచ్చేది కాదు. ఆ మండలంలో అప్పుడు పొదుపు సంఘాలు బలంగా వేళ్లూనుతున్నాయి. సంఘాల ఊతంతో ఆమె చేసిన పనికి 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం పేదరిక నిర్మూలన పురస్కారం ఇచ్చింది. ఈ కథలో నేను పట్టుకుంటున్నది పురస్కారాన్ని కాదు, పొదుపు సంఘాన్ని. ఒంటరిగా పదవిలోకి వచ్చిన స్త్రీకి ఇంట్లో ఆయన తప్ప అడిగి తెలుసుకునే దిక్కుండదు. వెనక పదిమంది ఆడవాళ్ల సంఘం ఉంటే ఆ దిక్కు మారుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన ఆడవాళ్లకు ఏ పదవీ లేదు, ఏ కుర్చీ లేదు. వాళ్ల ఊరి నుంచి రాజుకున్న ఉద్యమం 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. మన ఆడవాళ్లకు ప్రజావ్యవహారం తెలియదని చెప్పేవాళ్లు కనీసం ఈ రెండు తేదీలైనా గుర్తుంచుకోవాలి.

ఇక భర్త పంచాయతీలోకి ఎలా దూరుతున్నాడో చూడాలి. పెళ్లి మంత్రాల వల్ల కాదు, డబ్బు వల్ల. ఎన్నికకు పెట్టిన ఖర్చు ఆయన తెచ్చిన అప్పు, ఆయన పేరున ఉన్న పొలం మీద తెచ్చింది. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా 1985 నుంచే ఇచ్చిన రాష్ట్రం మనది, అయినా పాసుపుస్తకం మీద పేరు ఎవరిదో అందరికీ తెలుసు. గెలిచాక సర్పంచ్‌కు వచ్చే గౌరవ వేతనం తెలంగాణలో నెలకు 6,500, ఆంధ్రలో 3,000. మండల కేంద్రానికి తిరిగే పెట్రోలుకు, వచ్చినవాళ్లకు పోసే టీకి కూడా అది చాలదు. మిగతాది ఇంటి పెద్ద జేబులోంచి రావాలి. జేబులోంచి పెట్టినవాడు పెత్తనం అడుగుతాడు. సర్పంచ్‌కు బతకదగ్గ జీతం ఇవ్వండని అంటే "ప్రజాసేవకు జీతమేంటి" అనే పెద్దమనుషులే, మర్నాడు భర్త పెత్తనం గురించి బాధపడతారు.

రెండో దారి ఆఫీసు. మండల పరిషత్ కార్యాలయంలో సర్పంచ్‌ల ఫోన్ నంబర్ల పట్టిక తీసి చూడండి. మహిళా సర్పంచ్ పేరు పక్కన ఎవరి నంబరు ఉందో ఒక్కసారి డయల్ చేయండి. మీటింగు కబురు ఆయనకు, తీర్మానం ముసాయిదా ఆయనకు, బిల్లు ఆగిందన్న సమాచారం ఆయనకు. ఇప్పుడు చెల్లింపులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో డిజిటల్ సంతకంతో జరుగుతాయి. ఆ సంతకం పెట్టే డాంగిల్ ఎవరి జేబులో ఉంటుందో, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో కార్యదర్శికి బాగా తెలుసు. "మేడంతో మాట్లాడటం మాకూ ఇబ్బందేనండీ, సార్‌తో అయితే పని తొందరగా అవుతుంది" అనే ఉద్యోగి, తన సౌకర్యం కోసం చట్టాన్ని మడిచి చంకలో పెట్టుకుంటున్నాడు. దానికి మనం పెట్టిన పేరు స్త్రీల అసమర్థత.

పంచాయతీల్లో పరాయి పెత్తనం అనేది స్త్రీల రిజర్వేషన్‌తో మొదలైందా? దళిత రిజర్వుడు సీటులో తన పాలేరును నిలబెట్టి, గెలిపించి, తన వరండాలో నుంచి పంచాయతీ నడిపిన భూస్వామిని ఎరగని ఊరు ఉందా? ఆ పాలేరు మగవాడే. సర్పంచ్ పదవిని గుడి దగ్గర వేలం వేసి, పాట ఎక్కువ పాడినవాడికి కట్టబెట్టి, ఏకగ్రీవం అని ప్రకటించే ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఏకగ్రీవాలకు ప్రభుత్వాలే నజరానా ఇస్తాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. అలా కుర్చీ కొనుక్కున్నవాడిని ఎవరూ డమ్మీ అనరు. తండ్రి నియోజకవర్గాన్ని అందుకున్న కొడుకును చూసి "మగవాళ్లకు సీట్లు ఇస్తే ఇంతే" అనరు. వారసుడు అంటారు, యువనేత అంటారు.

అసలు మగ సర్పంచ్ చేతిలో మాత్రం ఏముందని? తెలంగాణలో 2018 చట్టం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా తప్పనిసరి చేసింది. ఆంధ్రలో ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిలకు మళ్లిపోయాయని సర్పంచ్‌లు రోడ్డెక్కారు, సచివాలయాలూ వాలంటీర్లూ వచ్చాక తమకు పనే లేకుండా పోయిందని మొత్తుకున్నారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలను ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ దాదాపు రెండేళ్లూ సర్పంచే లేడు, సర్పంచ్ భర్తా లేడు. గ్రామస్వరాజ్యం మాయమైందని మన చిరునవ్వుల బృందం ఎన్నిసార్లు బెంగపడిందో నాకైతే గుర్తులేదు.

డమ్మీగా ఉండని మహిళకు ఏమవుతుందో చెబితే ఈ వాదన ఇంకా పలచబడుతుంది. మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లా విచ్‌ఖేడాలో ఎన్నికైన మహిళా సర్పంచ్, అత్తగారితో కలిసి ప్రభుత్వ భూమిలో ఉన్న ఇంట్లో నివసిస్తోందన్న ఆరోపణ మీద పదవి పోగొట్టుకుంది. ఆమె వేరే చోట అద్దెకు ఉంటున్నానని చెప్పింది, ఎవరూ వినలేదు. కలెక్టరు నుంచి హైకోర్టు దాకా ఓడిపోయి చివరికి 2024లో సుప్రీంకోర్టులో గెలిచింది. సర్పంచ్‌గా ఒక స్త్రీ ఉండటాన్ని ఊరి పెద్దలు జీర్ణించుకోలేకపోవడమే ఈ వ్యవహారానికి మూలమని న్యాయస్థానం గుర్తించింది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ జశ్‌పూర్ జిల్లాలో ఒక యువ సర్పంచ్‌ను నిర్మాణ పనులు ఆలస్యమయ్యాయని తొలగిస్తే, సుప్రీంకోర్టు ఆమెను తిరిగి కూర్చోబెట్టి లక్ష రూపాయలు ఇప్పించింది. మాట వింటే డమ్మీ, వినకపోతే అనర్హురాలు. మూడో గడి ఏదీ?

సమస్యకు కొందరు సూచించే మందు మరీ ప్రమాదం: చదువున్న ఆడవాళ్లనే రానివ్వండి, డమ్మీల బెడద పోతుంది అని. హర్యానా 2015లో ఈ పని చేసింది. పదో తరగతి ఉండాలని, మహిళలకు ఎనిమిది, దళిత మహిళకు వార్డు సభ్యత్వానికి అయిదు చాలని నిబంధన పెట్టింది. సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. పేద స్త్రీలు పోటీ చేసే హక్కే పోగొట్టుకున్నారు. శాసనసభ్యుడికీ పార్లమెంటు సభ్యుడికీ లేని అర్హత వార్డు సభ్యురాలికి ఎందుకో ఎవరూ చెప్పలేదు. రాజస్థాన్ అలాంటి చట్టమే తెచ్చి 2019లో ఎత్తేసింది. మన దగ్గర 1994 చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన ముప్పయ్యేళ్లు నడిచింది. ఎంతమందిని కనాలో నిర్ణయించే హక్కు ఇంట్లో లేని స్త్రీకి, మూడో కాన్పు అయిందని ఊళ్లో హక్కు కూడా తీసేశాం. ఆంధ్రప్రదేశ్ 2024లో, తెలంగాణ 2025లో దాన్ని తొలగించాయి. తొలగించింది స్త్రీల గురించి ఆలోచించి కాదు, జనాభా తగ్గుతోందన్న భయంతో. అది వేరే కథ.

దీనికంటే మెరుగైన దారి కార్పొరేట్ చట్టంలోనే కనిపిస్తుంది. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలంది. గడువు ముంచుకొచ్చేసరికి చాలా కంపెనీలు ప్రమోటర్ల భార్యలనూ కూతుళ్లనూ హడావిడిగా బోర్డులోకి తెచ్చాయి. పట్టుచీరల సర్పంచ్ పద్ధతే, ఏసీ గదిలో. అప్పుడు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏం చేసింది? మహిళల నిబంధన దండగ అని రద్దు చేయలేదు. పెద్ద కంపెనీల్లో మొదలుపెట్టి, 2020కల్లా మొదటి వెయ్యి కంపెనీల్లో ఆ మహిళ స్వతంత్ర డైరెక్టరు అయి తీరాలని బిగించింది. దొడ్డిదారి కనబడితే దారి మూశారు, ఇల్లు కూల్చలేదు. పల్లెటూరి స్త్రీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇల్లు కూల్చే మాటలే ముందు వస్తాయి.

ఇప్పుడిది పల్లెలతో ఆగే చర్చ కూడా కాదు. 1996లో తొలిసారి లోక్‌సభ ముందుకు వచ్చిన మహిళా బిల్లు 2023లో 106వ రాజ్యాంగ సవరణగా గట్టెక్కింది. అమలు జనగణనకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపడింది. 2024 లోక్‌సభలో 543 మందికి 74 మంది స్త్రీలు. ఈ అంకె మూడో వంతుకు చేరే రోజు దగ్గరపడేకొద్దీ "నాయకుల భార్యలే వస్తారు, కోడళ్లే వస్తారు" అన్న పాట గొంతు పెంచుకుంటుంది. పంచాయతీ అనుభవాన్ని రుజువుగా చూపిస్తారు. అందుకే ఆ రుజువును ఇప్పుడే విప్పి చూపాలి.

బీర్‌భూం ఫలితం నుంచి సూటిగా వచ్చే సూచన ఒకటుంది: ఒక్క విడత చాలదు. తొలి విడతలో ఆమె కాగితాలు చదవడం, కార్యదర్శిని నిలదీయడం నేర్చుకునేసరికి రొటేషన్ పేరుతో సీటు మారిపోతుంది. నేర్చిన విద్య వంటింట్లోకి తిరిగి వెళ్తుంది. వరుసగా రెండు విడతలు అదే సీటు ఉంటే రెండోసారి డమ్మీగా ఉండటం కష్టం.

శిక్ష ఎవరికన్నది తేలాల్సిన రెండో సంగతి. పెత్తందారీ భర్తల మీద దాఖలైన పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు కేంద్ర పంచాయతీరాజ్ శాఖకు పంపింది. ఆ శాఖ వేసిన కమిటీ భర్తల జోక్యం రుజువైతే కఠిన శిక్షలు ఉండాలని సిఫారసు చేసింది. మంచిదే. కానీ కింది స్థాయిలో ఈ శిక్ష ఎటు తిరుగుతుందో చూసుకోకపోతే, "భర్తతో పాలన చేయించింది" అని సర్పంచ్‌నే తొలగించే నోటీసుగా అది మారిపోతుంది. కుర్చీలో కూర్చున్న భర్త మీద ప్రభుత్వ విధులకు ఆటంకం కేసు పెట్టండి. అతనికి కుర్చీ వేసిన అధికారి ఇంక్రిమెంటు ఆపండి. డాంగిల్ ఆమె చేతికి ఇచ్చి, ఆమె నంబరుకే ఓటీపీ పంపండి. అవేవీ చేయకుండా ఆమెను దించేస్తే ఆయనకు పోయేదేమీ లేదు. వచ్చేసారి ఆ సీటు జనరల్ అయితే నామినేషన్ వేసేది ఆయనే.